పక్కింటి పునాది గుంత – పాత గోడకు ముప్పు

పల్నాటి గ్రామాల్లో రాతి గోడల పాత ఇళ్లు ఒక్కొక్కటే నేలమట్టమై, వాటి చోట పిల్లర్లతో శ్లాబు ఇళ్లు లేస్తున్నాయి. మిర్చి, పత్తి కలిసివచ్చిన ఏడు ఒకరు, కొడుకు హైదరాబాదులోనో విదేశంలోనో ఉద్యోగంలో కుదిరిన ఏడు మరొకరు కొత్త ఇంటికి కొబ్బరికాయ కొడుతున్నారు. ఇది సంతోషించవలసిన విషయమే. అయితే కొత్త ఇల్లు లేచిన వీధిలో దాని పక్కనే ఒక పాత ఇల్లు మిగిలి ఉంటున్నది. గోడ పగిలిందనీ, పునాది కుంగిందనీ, వాన నీళ్లు ఇంట్లోకి వస్తున్నాయనీ ఆ పాత ఇంటివారు మొత్తుకుంటున్నారు. పొలం గట్ల తగాదాల సరసన ఇప్పుడు ఇంటి గోడల తగాదాలు కూడా పెద్దమనుషుల ముందుకు వస్తున్నాయి.

ఈ తగాదాలన్నింటిలో ఒక్క సంగతి సమానంగా కనిపిస్తున్నది. ఫిర్యాదు చేసేవారు ఆలస్యంగా వస్తున్నారు. శ్లాబు పోసి, గోడలకు ప్లాస్టరింగు కూడా అయిన తర్వాత రచ్చబండ దగ్గర పంచాయితీ పెడుతున్నారు. అప్పటికి అవతలివాడు లక్షలు ఖర్చు చేసి ఉంటాడు. ఇవతలి గోడ అప్పటికే బీటలు వారి ఉంటుంది. ఆ దశలో ఎంత పెద్దమనిషైనా చేయగలిగింది స్వల్పం. ఏమైనా చేయదలిస్తే చేయవలసింది పునాది గుంతకు ముగ్గు పోసిన రోజునే.

నల్లరేగడిలో నాపరాయి గోడ

ఇంటి పని జరిగేటప్పుడు దుమ్ము లేస్తుంది, చప్పుడు అవుతుంది, ఇసుక, కంకర వీధిలో పోస్తారు, సిమెంటు నీళ్లు గుమ్మం ముందుకు వస్తాయి. ఇవన్నీ ఓర్చుకోగలిగినవే. ఆరు నెలలకో ఏడాదికో పోతాయి. పోనిది గుంత చేసే నష్టం.

ఈ ప్రాంతపు పాత ఇళ్లు చాలావరకు రాళ్లను మట్టి అడుసుతో పేర్చి కట్టినవి. గోడ మందం రెండడుగుల దాకా ఉంటుంది. చూస్తే కోటగోడలా ఉంటుంది గాని దాని పునాది మాత్రం లోతు తక్కువ. కింద ఉన్నదేమో నల్లరేగడి నేల. వాన పడితే ఉబ్బుతుంది, ఎండ కాస్తే ముడుచుకుంటుంది. వేసవిలో చేనులో చెయ్యి పట్టేంత నెర్రెలు విడవడం రైతుకు తెలియనిది కాదు. అటువంటి నేల మీద ఆ గోడ అరవై, డెబ్బై ఏళ్లు నిలిచిందంటే దానికి కారణం ఇరుపక్కలా ఉన్న మట్టి కదలకుండా దాన్ని పట్టి ఉంచడమే.

కొత్త ఇంటికి పిల్లరు గుంతలు అంతకంటె లోతుకు పోతాయి. గట్టి నేల తగిలేవరకు తవ్వాలి కాబట్టి అయిదడుగులు, ఆరడుగులు, ఒక్కోచోట ఇంకా ఎక్కువ తవ్వుతారు. స్థలం ఇరుకు కాబట్టి గుంత పాత గోడను ఆనుకొని పడుతుంది. వెనుక పలుగు, పారలతో నాలుగు రోజులు తవ్వేవారు, మట్టి జారితే కూలివాడి కంటికి కనబడేది. ఇప్పుడు జేసీబీ వచ్చి ఒక్క పూటలో గుంతలన్నీ తవ్వి పోతున్నది. దాని అదురుకే సగం అడుసు రాలుతుంది.

అయితే నష్టం ఆ రోజే కనిపించదు. గుంతలు తవ్వి, కంబీ రాలేదనో, మేస్త్రికి వేరే పని ఉన్నదనో, ముహూర్తం కుదరలేదనో పదిహేను రోజులు అలాగే వదిలేస్తారు. ఈలోగా ఒక వాన కురుస్తుంది. గుంత నిండా నీళ్లు నిలుస్తాయి. గోడ కింది మట్టి నాని, మెత్తబడి, గుంతలోకి జారుతుంది. పాత ఇంట్లో ముందు తలుపు పట్టేయడం మొదలవుతుంది. తర్వాత ద్వారబంధం మూల నుంచి ఏటవాలుగా బీట పైకి పాకుతుంది. బీట అడ్డంగానో వెంట్రుక మందంగానో ఉంటే అది పాత పూత పగులు కావచ్చు. కింద సన్నగా, పైన వెడల్పుగా, ఏటవాలుగా ఉంటే మాత్రం పునాది కుంగుతున్నదనే అనుమానించాలి. దానికి సిమెంటు పూసి ఊరుకుంటే లాభం లేదు.

మట్టి నేలల్లో పక్క ఇంటి పునాది కంటె ఒక అడుగు లోతుకు వెళ్లాలంటే రెండడుగుల దూరం జరగాలని ఇంజనీర్ల లెక్క. గ్రామకంఠంలోని మూడు, నాలుగు సెంట్ల స్థలాల్లో అంత వీలు ఎక్కడిది? వీలు లేనప్పుడు చేయవలసిన పద్ధతులు వేరే ఉన్నాయి. పాత గోడ వెంబడి గుంతలన్నీ ఒక్కసారి తవ్వకుండా ఒకటి విడిచి ఒకటి తవ్వాలి. తవ్విన గుంతలో కాంక్రీటు వేసి, మట్టి కూడ్చి దిమ్మిస చేసిన తర్వాతే పక్క గుంతకు పోవాలి. గుంత అంచులకు బల్లలు, దుంగలతో ఊతం ఇవ్వాలి. తొలకరికి ముందే ఈ పని ముగించాలి. గోడ పక్క వరుసనైనా మనుషులతో తవ్వించాలి. వీటికి అయ్యే అదనపు ఖర్చు ఇంటి మొత్తం ఖర్చులో పెద్ద భాగమేమీ కాదు. అయినా ఎవరూ అడగకపోతే ఏ మేస్త్రీ తనంతట తాను చేయడం లేదు.

మొహమాటమే అసలు చిక్కు

ఎందుకు అడగరు? ఈ ప్రశ్నకు సమాధానం గ్రామంలో అందరికీ తెలిసిందే. పక్క ఇల్లు పరాయివాడిది కాదు. ఒకనాటి ఉమ్మడి ఇల్లు అన్నదమ్ముల మధ్య వాటాలు పడి రెండుగానో మూడుగానో అయి ఉంటుంది. ఇవతల చిన్నాయన పోయాక పిన్నమ్మ ఒక్కతే పెంకుటింట్లో కాలక్షేపం చేస్తూ ఉంటుంది. అవతల అన్న కొడుకు మూడంతస్తులు లేపుతూ ఉంటాడు. "పిల్లవాడు ఇల్లు కట్టుకుంటుంటే అడ్డం పడ్డదనే మాట నాకెందుకు" అని ఆమె నోరు మూసుకుంటుంది. "మనవాళ్లేగా, ఏమైనా అయితే బాగుచేయిద్దాంలే" అని అతను అనుకుంటాడు. ఇద్దరిలోనూ చెడ్డ ఉద్దేశం లేదు. గోడ పగిలిన తర్వాత మాత్రం ఇద్దరూ పెళ్లిలో కూడా పలకరించుకోరు.

దాయాదుల ఇళ్లల్లో ఇంకొక చిక్కు ఉమ్మడి గోడ. రెండు వాటాల దూలాలూ ఒకే గోడ మీద ఆని ఉంటాయి. ఒకరు తమ వాటా విప్పుకుంటే గోడకు ఒకవైపు కప్పు పోతుంది. మట్టి గోడ నెత్తిన వాన పడితే ఎన్నాళ్లు నిలుస్తుంది? ఉమ్మడి గోడను ఒక్కరే తమ ఇష్టప్రకారం పడగొట్టే హక్కు చట్టప్రకారం లేదు. తన దూలాలు తీసుకోవచ్చు గాని, అవతలివాడి కప్పు నిలిచే ఏర్పాటు చేయకుండా గోడ మీద చెయ్యి వేయకూడదు. విప్పే ముందే గోడ నెత్తికి రేకులో, సిమెంటు పూతో వేయించడం సామాన్య జ్ఞానం.

ఇది పార్టీల కాలం కూడా. పల్నాటి గ్రామాల్లో చుట్టరికం ఒక పక్క, పార్టీ మరొక పక్క. గోడ తగాదా నాలుగు రోజుల్లో తేలకపోతే అది పార్టీ తగాదా అవుతుంది. అప్పుడు గోడను చూసి తీర్పు చెప్పేవాడు ఉండడు, మనిషిని చూసి చెప్పేవాడే ఉంటాడు.

చట్టం ఏమంటున్నది

ఇటువంటి తగాదాలకు ఆధారం 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం. దాని ప్రకారం నేలకు పక్క నేల ఇచ్చే ఆసరా సహజమైన హక్కు. పక్కవాడు తన స్థలంలో తవ్వుకోవచ్చు గాని, ఆ తవ్వకం వల్ల ఇవతలి నేల విరిగి పడకూడదు. అయితే ఇక్కడ ఒక మెలిక ఉన్నది. ఆ సహజ హక్కు ఖాళీ నేలకే గాని నేల మీది ఇంటి బరువుకు వర్తించదు. ఇంటితో కూడిన నేలకు ఆసరా హక్కు రావాలంటే 20 ఏళ్లపాటు ఆటంకం లేకుండా, నిరాఘాటంగా ఆ ఆసరా పొంది ఉండాలి. కిటికీ గుండా వచ్చే గాలికీ, వెలుతురుకూ, నడిచే దారికీ కూడా అదే 20 ఏళ్ల లెక్క. ఇల్లు కట్టి 20 ఏళ్లు నిండనివారు కూడా నిరాశ పడనక్కరలేదు. అజాగ్రత్తగా తవ్వి నష్టం చేసినట్లు రుజువైతే పరిహారం అడగవచ్చు.

చాలామందికి తెలియనిది ఆ తర్వాతి సంగతి. ఆ 20 ఏళ్ల అనుభవం దావా వేసే రోజుకు వెనుక రెండేళ్ల లోపల ముగిసినదై ఉండాలని అదే చట్టం 15వ సెక్షను చెబుతున్నది. అంటే నలభై ఏళ్లుగా వెలుతురు వస్తున్న కిటికీకి అడ్డంగా పక్కవాడు గోడ లేపితే, "చూద్దాంలే" అని మూడేళ్లు గడిపినవారికి ఆ నలభై ఏళ్లూ అక్కరకు రావు. అడ్డం పెట్టిన సంగతి తెలిసి కూడా ఏడాదిపాటు ఒప్పుకొని ఊరుకుంటే అనుభవం తెగిపోయినట్లే లెక్క. 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం కూడా ఇదే ధోరణిలో ఉన్నది. జరుగుతున్న దానికి సమ్మతించినట్లు ఊరుకున్నవారికి కోర్టు ఇంజంక్షను నిరాకరించవచ్చు. పిన్నమ్మ చూపిన మంచితనం కోర్టులో సమ్మతి కింద జమపడే ప్రమాదం ఉన్నదన్నమాట. ఇందులో న్యాయం ఎంత అనేది వేరే ప్రశ్న. చట్టం మాత్రం అలాగే ఉన్నది.

వాటాలు పంచుకున్నవారి విషయం కొంచెం వేరు. ఇల్లంతా ఉమ్మడిగా ఉన్న కాలం 20 ఏళ్ల లెక్కలోకి రాదు. ఎవరి ఇంటి మీద వారికే హక్కు వస్తుందనడం పొసగదు కదా. కాని పంపకం నాటికి కంటికి కనిపిస్తూ, ఎడతెగకుండా సాగుతూ, ఒక వాటా అనుభవించడానికి అవసరమైన సదుపాయాలు పంపకం తర్వాత కూడా నిలుస్తాయని 13వ సెక్షనులో ఉన్నది. అందుకని పంపకం కాగితంలో నడక, చూరు నీళ్లు, గాలి వెలుతురు అని రాసిన వాక్యాలు ఏవో లేఖరి అలవాటుగా రాసినవని తోసిపుచ్చకూడదు. కాగితం రాయించేవారు కూడా ఉమ్మడి గోడ ఎవరిదో, ఎంతవరకో స్పష్టంగా రాయించాలి.

గాలి, వెలుతురు కొంచెం తగ్గినంత మాత్రాన కోర్టు పరిహారం ఇప్పించదు. ఇంట్లో మనిషి సౌకర్యానికి చెప్పుకోదగిన ఇబ్బందో, చేసుకునే వృత్తికి ఆటంకమో కలగడం వంటి గట్టి నష్టం ఉండాలి.

పోలీసు స్టేషనుకు పోతే ఇది సివిలు తగాదా అని పంపించివేయడం మామూలు. కొట్లాట జరిగితే తప్ప వారి ప్రమేయం తక్కువ. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 290వ సెక్షను ప్రకారం, ఇల్లు పడగొట్టేటప్పుడు గాని, బాగుచేసేటప్పుడు గాని, కట్టేటప్పుడు గాని ఆ కట్టడం కూలి మనుషుల ప్రాణానికి ముప్పు రాకుండా జాగ్రత్త తీసుకోకపోవడం నేరమే. ఆరు నెలల వరకు జైలు, అయిదు వేల రూపాయల వరకు జరిమానా ఉండవచ్చు. కాని అది పనిలో ఉన్న కట్టడం కూలే ప్రమాదాన్ని గురించిన మాట. పక్కింటి గోడకు పడిన బీటకు అది మందు కాదు.

పంచాయతి అనుమతి ఉన్నంత మాత్రాన

"ప్లాను పాసైంది, నన్నెవరేం చేస్తారు" అనడం ఊళ్లలో వాడుక. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం ప్రకారం గ్రామంలో ఇల్లు కట్టడానికి అనుమతి తీసుకోవలసిందే. అయితే ఆ అనుమతి పంచాయతికీ, ఇల్లు కట్టేవాడికీ మధ్య వ్యవహారం. అది స్థలం ఎవరిదో తేల్చదు, పక్కవాడి హక్కును తీసివేయదు. అనుమతి లేకుండా కడుతుంటే పంచాయతి కార్యదర్శికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రశీదు తీసుకోవడం మంచిదే. దానితో పని ఆగినా ఆగకపోయినా ఫలానా తేదీన అభ్యంతరం చెప్పినట్లు రుజువు మిగులుతుంది.

హద్దు తేల్చుకోవడం దీనికంటె పెద్ద తలనొప్పి. పొలానికి సర్వే నంబరు ఉన్నది, ఎఫ్‌ఎంబీ ఉన్నది. గ్రామకంఠం ఊరంతా ఒకే ముద్దగా రికార్డులో ఉండేది. ఎవరి ఇల్లు ఎన్ని గజాలో కరణానికి నోటి లెక్కగా తెలిసేది. 1984 జనవరిలో గ్రామాధికారుల వ్యవస్థ రద్దయిన తర్వాత ఆ నోటి లెక్క కూడా పోయింది. మిగిలింది దస్తావేజులోని నాలుగు హద్దులు. "తూర్పు ఫలానావారి పెరటి గోడ" అని రాసి ఉంటుంది. ఆ గోడ కూల్చినవాడు హద్దును కూడా కూల్చినట్లే. అందువల్ల హద్దు గోడ విప్పే ముందు దాని రెండు చివరలూ కొలిచి రాళ్లు పాతించడం తప్పనిసరి.

2020 ఏప్రిల్ 24న కేంద్రప్రభుత్వం ప్రారంభించిన స్వమిత్వ పథకం ఈ లోటు తీర్చడానికే. గ్రామకంఠంలోని ఇళ్లను డ్రోనుతో కొలిచి యజమానులకు ఆస్తి కార్డులు ఇవ్వడం దీని ఉద్దేశం. డ్రోను కంటికి కనిపించేది పైకప్పు గాని గోడ అడుగు కాదు. అందుకే అది ఎగిరే ముందు హద్దుల వెంట సున్నంతో గీతలు గీస్తారు. ఆ గీతలు గీసే రోజున మిరపచేలో పని ఉన్నదని పోయినవారు తర్వాత చింతించవలసి వస్తుంది. కార్డు ఇంకా చేతికి రానివారికి పాత దస్తావేజు, ఇంటిపన్ను రశీదులే దిక్కు.

వాస్తు సంగతి కూడా చెప్పుకోవాలి. ఈశాన్యం పెరగాలని తూర్పు వైపు జానెడు జరిగి గోడ పెట్టేవారు కనిపిస్తున్నారు. వారి ఈశాన్యం పెరిగిన మేరకు తూర్పింటివారి వాయవ్యం తరుగుతుంది. ఒకరికి మంచి చేసిన సిద్ధాంతి రెండో ఇంటికి ఏం చెబుతాడో మరి.

నీటి తగాదా

పాత పెంకుటింటి చూరు నీళ్లు వరుసగా సందులో పడి ఇంకిపోయేవి. కొత్త శ్లాబు నీళ్లన్నీ ఒక్క గొట్టంలో చేరి ఒక్కచోట ధారగా పడుతున్నాయి. ఆ ధార పక్కవాడి మట్టి గోడ మొదట్లో పడితే మూడు వానలు చాలు. ఏళ్ల తరబడి చూరు నీళ్లు వదిలిన హక్కు ఉన్నవాడికైనా, దాన్ని ఇలా పెంచి పక్కవాడి మీద అదనపు బరువు వేసే హక్కు లేదు. గొట్టం వీధి కాలువలోకి తిప్పడానికి అయ్యేది కొద్దిపాటి ఖర్చు. ఈ ఒక్క తగాదాలో మాత్రం పెద్దమనుషుల మాట ఇప్పటికీ బాగానే చెల్లుతున్నది.

సిమెంటు రోడ్లు వచ్చాక వీధి ఎత్తు పెరిగింది. రోడ్డు కంటె ఎత్తుగా ఉండాలని కొత్త ఇంటివారు బేస్‌మెంటును మూడు, నాలుగు అడుగులు లేపుతున్నారు. మధ్యలో పాత ఇల్లు గుంతలో పడినట్లవుతున్నది. పై స్థలం నుంచి సహజంగా వచ్చే వాననీటిని కింది స్థలం భరించక తప్పదు గాని, మట్టి పోసి మెరక చేసి నీటిని కొత్తగా మళ్లించడం సహజమని ఎవరూ అనలేరు. రోడ్డు వేసినప్పుడే కాలువ కూడా తీయించవలసిన బాధ్యత పంచాయతిది.

ముగ్గు పోసిన రోజున

గుంతకు ముగ్గు పోసిన రోజున పాత ఇంటివారు చేయవలసిన పనులు కష్టమైనవి కావు. ఇంట్లో బయటా గోడలన్నింటికీ సెల్‌ఫోనుతో ఫొటోలు తీయించాలి. ఆనాటి దినపత్రికను గోడకు ఆనించి తీస్తే తేదీ గురించి వాదన ఉండదు. ఉన్న బీటలను కూడా దాచకుండా తీయాలి. బీట అంచున సున్నం బొట్టు పెట్టి తేదీ రాస్తే అది పెరిగిందో లేదో తర్వాత తెలుస్తుంది. తర్వాత ఇద్దరూ కూర్చొని ఒక కాగితం రాసుకోవాలి. గుంత గోడకు ఎంత దూరం, ఎంత లోతు, ఎన్ని రోజుల్లో కూడుస్తారు, గోడకు నష్టం వస్తే ఎవరు, ఎట్లా బాగుచేయాలి అనేవి అందులో ఉండాలి. ఇద్దరు సాక్షుల సంతకాలు ఉంటే మంచిది. ఈ కాగితం కట్టేవాడికి కూడా రక్షణే. ఎప్పటి నుంచో ఉన్న బీటకు కొత్త ఇంటివాడిని బాధ్యుడిని చేసేవారు కూడా ఊళ్లో లేకపోలేదు.

కాగితానికి అవతలివారు ఒప్పుకోకపోతే రశీదు ఉండేలా తపాలాలో నోటీసు పంపాలి. అప్పటికీ జేసీబీ వస్తే జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో దావా వేసి తాత్కాలిక ఇంజంక్షను అడగవచ్చు. గోడ స్థితిని చూసి రిపోర్టు ఇవ్వడానికి కమిషనరుగా ఒక న్యాయవాదిని నియమించమని కూడా కోరవచ్చు. గుంత తెరిచి ఉండగా వచ్చే కమిషనరు చూసేది వేరు, గుంత పూడ్చిన తర్వాత వచ్చి చూసేది వేరు. ఇల్లు కట్టేవారు కూడా తమ మాట వినకుండా ఉత్తర్వు రాకూడదనుకుంటే ముందుగా కేవియట్ వేసుకోవచ్చు. అది 90 రోజులు అమలులో ఉంటుంది.

కోర్టు అనగానే వకీలు ఫీజు గుర్తుకు వచ్చి వెనుకకు తగ్గేవారు ఎక్కువ. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీలకు, షెడ్యూల్డు కులాలవారికి, తెగలవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఏర్పాటు చేస్తారు. పెంకుటింట్లో ఒంటరిగా ఉన్న పిన్నమ్మకు కూడా ఆ సహాయం అందుతుంది. కోర్టు ఆవరణలోని న్యాయసేవా కమిటీకి తెల్లకాగితం మీద అర్జీ ఇస్తే చాలు. దావా వేయకముందే లోక్ అదాలత్‌కు వెళ్లే వీలు కూడా ఉన్నది. అక్కడ ఇరుపక్షాలూ రాజీపడితే ఇచ్చే అవార్డు కోర్టు డిక్రీతో సమానం. దాని మీద అప్పీలు లేదు. అప్పటికే దావా వేసి ఉంటే కట్టిన కోర్టు ఫీజు కూడా తిరిగి ఇస్తారు.